లెక్కల కర్రల కథ

అయిదేండ్ల బాలుడు ఒకటి నుండి నూరు వరకు తడుముకొనక ఒప్పగించును. ‘ఏడు చింతగింజలు తెమ్ము’ అన్నచో గుప్పెడు తెచ్చి మన ముఖము చూచును. అంకెల పేర్లు నోటికి వచ్చినవి గాని సంఖ్య మనసున కెక్కలేదు. ఈ లోపమును తీర్చుటకు ఉపాధ్యాయులు చేసిన ప్రయత్నములలో రెండింటిని చూతము.

ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరీ 1907 లో రోము నగరమున ఒక పేదల పేటలో శిశుగృహమును తెరచెను. ఆమె వాడిన పరికరములలో పది కర్రలు కలవు. మొదటిది 10 సెంటీమీటర్లు, పదవది ఒక మీటరు. ప్రతి 10 సెంటీమీటర్లకు ఎరుపు, నీలము పట్టెలు మారుచుండును. పట్టెలను తాకి లెక్కించిన బిడ్డకు ‘ఏడు’ అనునది చేత పట్టదగిన వస్తువగును.

మరియొక పరికరము గదుల పెట్టె. 0 మొదలు 9 వరకు గదులు, వానికి సరిగా 45 పుల్లలు. సున్న గది ఖాళీగా ఉండును. ఎచ్చట లెక్క తప్పినను చివరకు పుల్లలు చాలవు, లేదా మిగులును. తప్పును గురువు చెప్పనక్కరలేదు! 1939 లో ఆమె మద్రాసు అడయారునకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను.

బెల్జియములోని త్వేన్ పట్టణపు ఉపాధ్యాయుడు జార్జి క్విజనేర్ వేరొక మార్గము త్రొక్కెను. ఆయన గ్రంథము 1952 లో వెలువడెను. మరుసటి సంవత్సరము ఆ తరగతులను చూచిన కాలెబ్ గటేన్యో ఈ పద్ధతిని పలు దేశములకు తెలిపెను. ఈ కర్రలు 1 నుండి 10 సెంటీమీటర్లు. ఒక్కొక్క పొడవునకు ఒక్కొక్క రంగు. పట్టెలు మాత్రము లేవు. విశేషమంతయు ఇందే ఉన్నది. లెక్కించుటకు గుర్తులు లేనందున బిడ్డ పోల్చి చూడవలెను. ఎరుపు, లేత ఆకుపచ్చ కర్రలను వరుసగా చేర్చిన పసుపు కర్రకు సరిపోవును. అనగా 2, 3 కలిసి 5. తెలుపును ఒకటి అన్నచో ఎరుపు రెండు. ఎరుపునే ఒకటి అన్నచో తెలుపు అర! భిన్నము ఆటలోనే పరిచయమగును.

ఒక సెంటీమీటరు వెడల్పున అట్టముక్కలు కత్తిరించి రంగులు వేసినచో ఏ పాఠశాలలోనైనను ఇది సాధ్యమే. కాని వానిని గురువే పేర్చి చూపినచో ప్రయోజనము లేదు. ‘ఎరుపు రెండు, పసుపు అయిదు’ అని వల్లించుటయు ఒకటి నుండి నూరు వరకు ఒప్పగించుట వంటిదే. పేర్చవలసిన చేయి బిడ్డది.