మస్తిష్కాంతర విద్యుత్ సాధనములు

మెదడులోని నాడీకణములు తమలో తాము జరుపుకొను విద్యుత్ సంభాషణమును కపాలమునకు లోపలనే ఆలకించి, బాహ్యయంత్రములకు ఆజ్ఞగా మార్చునట్టి సూక్ష్మోపకరణములు ఇవి. 1924లో జర్మనీలోని జేనా నగరమున హాన్స్ బెర్గర్ అను వైద్యుడు మానవ మస్తిష్క తరంగములను తొలిసారి నమోదుచేసెను; కాని తలపై ఎలక్ట్రోడు నుంచి వినుట, ఊరి వెలుపల నిలిచి తిరునాళ్ల కోలాహలమును వినుట వంటిది. ఒక్కొక్క కణము పలుకు తెలియవలెనన్న లోనికి పోక తప్పదు. 1969లో ఎబర్‌హార్డ్ ఫెట్జ్, ఒకే నాడీకణపు స్పందనముతో మీటరు ముల్లును కదలించుటను కోతికి నేర్పి, అట్టి పలుకును జీవి తన వశము చేసికొనగలదని చూపెను.

యూటా విశ్వవిద్యాలయమున రిచర్డ్ నార్మన్ నిర్మించిన నూరు సూదుల సిలికాన్ పలక ఈ విద్యకు పనిముట్టైనది. బ్రౌన్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుడు జాన్ డోనహ్యూ ప్రభృతులు స్థాపించిన సైబర్‌కైనెటిక్స్ అను చిన్న సంస్థ 2004లో ఆ పలకను కాలుసేతులు చచ్చుబడిన యువకుని మెదడున అమర్చగా, అతడు తలంపుమాత్రమున తెరమీది కర్సరును నడపెను. అయితే తల నుండి చర్మమును చీల్చుకొని వెలువడు తీగయు, దానితో వచ్చు సూక్ష్మజీవుల భయమును, పక్కన నిలువవలసిన యంత్రముల బండియు అతనిని విడువలేదు.

ఆ తీగను తొలగించుటయే విద్యుత్ ఇంజనీరునకు అసలు పరీక్ష. కణస్పందనము వోల్టులో పది లక్షలవ వంతులతో కొలువదగినంత స్వల్పము. దానిని పెంచు ఆంప్లిఫయరు తన సొంత రొదలో దానిని ముంచివేయరాదు. 2003లో యూటాలోనే రీడ్ హారిసన్ ప్రకటించిన ఆంప్లిఫయరు ఇంచుమించు ఎనుబది మైక్రోవాట్లతోనే ఈ పని నెరవేర్చెను. 1,024 ఎలక్ట్రోడులను ఒక్కొక్కటి సెకనునకు 20,000 మార్లు 10 బిట్ల చొప్పున కొలిచినచో సెకనునకు ఇరువది కోట్ల బిట్లు పోగగును. అంతటి రాశిని బ్లూటూత్ మోయజాలదు. మోయగల ప్రసారిణిని పెట్టుదమన్న దాని వేడిమి మెదడునకు చేటు. కనుక స్పందనములను చిప్పుమీదనే ఏరి, ఆ ఏరిన సారమును మాత్రమే వెలుపలికి పంపవలసివచ్చెను. ఈ శాస్త్రమున ఘనకార్యము వినుటకంటె విడిచిపెట్టుటలోనే ఎక్కువగా కలదని నాకు తోచును.

2016లో కాలిఫోర్నియాలో ఆరంభమైన న్యూరాలింక్ సంస్థ ఈ చిక్కులన్నిటిని ఒకే బిళ్లలో విప్పజూచెను. 2019లో ఎలుక తలపై యూఎస్‌బీ తీగతోనే ప్రదర్శింపబడిన వారి యంత్రము, మరుసటి ఏటికి 23 మిల్లీమీటర్ల వ్యాసమును 8 మిల్లీమీటర్ల మందమును గల బిళ్లయై, చర్మము క్రింద దాగి తీగలేకయే బ్యాటరీని నింపుకొనునదయ్యెను. వెండ్రుకకంటె సన్ననివగు దాని ఎలక్ట్రోడు పోగులను చేతితో గ్రుచ్చుట అసాధ్యమగుటచే, ఆ పనికి కుట్టుయంత్రము వంటి రోబోటును ప్రత్యేకముగ నిర్మించిరి.

2024 జనవరిలో మొదటి రోగికి 64 పోగులతో దీనిని అమర్చిన పిదప, కొన్ని వారములకే పెక్కు పోగులు మెదడు నుండి వెనుకకు జారి, పనిచేయు ఎలక్ట్రోడుల సంఖ్య తగ్గిపోయెను. ఇంజనీర్లు శస్త్రచికిత్స జోలికి పోక, మిగిలిన సంకేతములను చదువు గణనవిధానమునే మార్చగా, కర్సరు వేగము మునుపటిని మించెను.