చిన్న సంస్థల ఇంటర్నెట్ టెలిఫోను: నేర్చుకోదగిన విద్యగా దాని చరిత్ర

వ్యాససంగ్రహం:
కార్యాలయ టెలిఫోను ఎక్స్‌ఛేంజి పరిజ్ఞానం చాలాకాలం తయారీదారుల చేతిలోనే ఉండేది. 1999 తరవాత అది చిన్న, మధ్యతరహా సంస్థలు నేర్చుకోగలిగిన విద్యగా ఎలా మారింది, భారతదేశంలో ఆ విద్య వినియోగానికి నిబంధనలు ఏ హద్దులు గీశాయి అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఇంటర్నెట్ టెలిఫోనీ, ఎక్స్‌ఛేంజి, ఆస్టరిస్క్, ట్రంకు, చిన్న సంస్థలు.

1. ఉపోద్ఘాతం:
ఒక కార్యాలయంలో ఇరవై టెలిఫోన్లు ఉన్నా బయటికి వెళ్ళే లైన్లు నాలుగైదు ఉంటే చాలు. ఆ కొద్ది లైన్లను అందరికీ పంచే యంత్రమే ప్రైవేటు ఎక్స్‌ఛేంజి. మన కార్యాలయాల్లో దీనిని ఇ.పి.ఎ.బి.ఎక్స్. అనీ, వాడుకలో ఇంటర్‌కమ్ అనీ పిలిచారు. గోడకు బిగించిన ఆ పెట్టె పనితీరు దానిని కొన్న సంస్థకు తెలిసేది కాదు. చిన్న మార్పుకు కూడా తరచుగా సరఫరాదారు పంపే మెకానిక్కుపై ఆధారపడవలసి వచ్చేది.

2. ప్యాకెట్లుగా మారిన మాట:
మాటను ముక్కలుగా చేసి కంప్యూటర్ నెట్‌వర్కు మీద పంపే ప్రయోగాలు 1974 నాటికే అర్పానెట్‌లో జరిగాయి. వాటిలో డానీ కోహెన్ కృషి ప్రధానమైనది. 1995లో ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ సంస్థ ఈ సౌకర్యాన్ని సాధారణ కంప్యూటర్ వినియోగదారులకు అందించింది. మాటను మోసే ఆర్.టి.పి. ప్రమాణం 1996లోనూ, కాల్‌ను కలిపి ముగించే సిప్ ప్రమాణం 1999లోనూ వెలువడ్డాయి.

ఈ విద్యలో మొదటి పాఠం లెక్కలే. జి.711 పద్ధతిలో మాటకు సెకనుకు 64 కిలోబిట్లు కావాలి. 20 మిల్లీసెకన్లకొక ప్యాకెట్ చొప్పున పంపితే, 160 బైట్ల మాటకు 40 బైట్ల చిరునామా సమాచారం తోడై అది 80 కిలోబిట్లవుతుంది. ఒకేసారి పది కాల్స్ నడవాలంటే రెండు దిశల్లోనూ 800 కిలోబిట్ల చొప్పున సామర్థ్యం ఉండాలి. ఈ లెక్క తెలియని సంస్థకు మాట తెగిపోవడానికి కారణం కూడా అంతుపట్టదు.

3. ఆస్టరిస్క్ తెచ్చిన మార్పు:
1999లో అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయ విద్యార్థి మార్క్ స్పెన్సర్ ఒక చిన్న సంస్థను నడుపుతూ, ఎక్స్‌ఛేంజి కొనే స్తోమత లేక తానే ఒక సాఫ్ట్‌వేర్ రాసుకున్నారు. అదే ఆస్టరిస్క్. దానిని మూలసంకేతంతో సహా అందరికీ విడుదల చేశారు. జిమ్ డిక్సన్ తన జపాటా ప్రాజెక్టు ద్వారా, సాధారణ కంప్యూటర్‌ను టెలిఫోను లైన్లకు కలిపే కార్డు రూపకల్పనను బహిరంగపరిచారు. 2005లో వెలువడిన 'ఆస్టరిస్క్: ద ఫ్యూచర్ ఆఫ్ టెలిఫోనీ' గ్రంథం క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉచితంగానూ లభించింది. సాఫ్ట్‌వేరు, పరికరం, పాఠ్యగ్రంథం మూడూ అందుబాటులోకి రావడంతో ఒక పాత కంప్యూటర్ ఉన్నవారెవరైనా ఎక్స్‌ఛేంజి నిర్మాణాన్ని అభ్యసించగలిగారు.

4. భారతీయ పరిస్థితి:
మన దేశంలో 2002 ఏప్రిల్ 1 నుంచి ఇంటర్నెట్ టెలిఫోనీకి పరిమితమైన అనుమతి లభించింది. అప్పట్లో కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు, విదేశీ టెలిఫోనుకు మాట్లాడే వీలుండేది. స్వదేశీ టెలిఫోనుకు కుదిరేది కాదు. హైదరాబాదు, చెన్నైలలో శాఖలున్న సంస్థ తన ఉద్యోగులను ఇంటర్నెట్ ద్వారా కలుపుకోగలిగేది గాని, ఆ దారిన పంపిన మాటను చెన్నైలోని లోకల్ లైన్‌లోకి దింపి ఎస్.టి.డి. ఛార్జీ తప్పించుకోవడం నిషిద్ధంగా ఉండేది. సాంకేతికంగా అది కొన్ని పంక్తుల అమరికే. అందువల్ల గ్రంథంలో నేర్చుకున్నదంతా ఇక్కడ ఆచరణకు రాలేదు. 2018లో టెలికాం సంస్థలకు ఇంటర్నెట్ టెలిఫోనీ అందించే వీలు స్పష్టమైంది. 2020 నవంబరులో కాల్ సెంటర్ల వంటి సంస్థలకు నమోదు నిబంధన తొలగింది.

5. పదజాలం:
ఈ విద్య పాత మాటలను విడిచిపెట్టలేదు. ఆపరేటరు దగ్గర బుక్ చేసుకొని గంటలకొద్దీ ఎదురుచూసిన 'ట్రంకు కాల్' పెద్దలకు గుర్తే. తీగ కనిపించని నేటి సిప్ ట్రంకులోనూ ఆ పదమే ఉంది. కనుక తెలుగులో పాఠాలు రాసేవారు కొత్త అనువాదాలు కల్పించడానికి ముందు, వాడుకలో ఉన్న ఇటువంటి పదాలను పరిశీలించడం ఉపయుక్తం.

6. ముగింపు:
నేడు ఎక్స్‌ఛేంజి నెలవారీ అద్దెకు దొరికే క్లౌడ్ సేవగా మారింది. చిన్న సంస్థకు నిర్వహణ భారం తగ్గింది. అదే సమయంలో ఎక్స్‌ఛేంజి పరిజ్ఞానం మళ్ళీ సరఫరాదారు చేతికే చేరుతున్నది. సేవను మార్చుకోవాలన్నా, బిల్లును ప్రశ్నించాలన్నా సంస్థలో ఒక్కరికైనా దాని పనితీరు తెలిసి ఉండాలి. మన డిగ్రీ, పాలిటెక్నిక్ కళాశాలల ప్రయోగశాలల్లో ఒక ఆస్టరిస్క్ ఎక్స్‌ఛేంజిని విద్యార్థులే నిర్మించే అభ్యాసం ఈ అవసరాన్ని తక్కువ ఖర్చుతో తీర్చగలదు.