పట్నం చదువుకు హాస్టల్ దారి

నూరేళ్ల కిందట గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో పుట్టిన పిల్లవాడికి ఎంత తెలివి ఉన్నా పెద్ద చదువు అందడం కష్టం. పట్నంలో ఏళ్ల తరబడి ఎక్కడ ఉండాలి, ఏం తినాలి? ఆ ఖర్చు మోయగలిగినవి భూములున్న ఇళ్లే.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ ఏడాదే హైదరాబాద్‌లో రెడ్డి విద్యార్థుల కోసం రెడ్డి హాస్టల్ మొదలైంది. దాన్ని నిలబెట్టిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డిది వనపర్తి సంస్థానంలోని రాయణిపేట. పోలీసు శాఖలో అమీనుగా చేరి, 1920లో నగర కొత్వాలు, అంటే పోలీసు అధిపతి, అయ్యారు. హాస్టల్ బాధ్యతలు కొన్నేళ్లు చూసిన సురవరం ప్రతాపరెడ్డి 1896లో పుట్టారు, స్వగ్రామం నేటి గద్వాల జిల్లా ఇటిక్యాలపాడు. మద్రాసు దాకా వెళ్లి చదివారు, 1926లో ‘గోలకొండ పత్రిక’ పెట్టారు, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు.

హాస్టల్లో తిండి, బసతో పాటు పట్నంలో పలుకుబడి ఉన్నవారి పరిచయమూ దొరికేది. చదువు ముగిశాక కొలువు వెతుక్కునేటప్పుడు అదే అక్కరకొచ్చేది. అదే నగరంలో భాగ్యరెడ్డి వర్మ ఆది హిందువుల (దళితుల) పిల్లలకు ప్రాథమిక బడులు నడపడానికే తంటాలు పడుతున్నారు.

సంస్థానాలు పోయాక రాజుల కట్టడాల్లోకి కాలేజీలు వచ్చాయి. వనపర్తి రాజమహల్‌లో 1959లో కృష్ణదేవరాయ పాలిటెక్నిక్ మొదలైంది. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరిట డిగ్రీ కళాశాల నడుస్తోంది. డిప్లొమా పూర్తిచేసిన రైతుబిడ్డకు ప్రభుత్వ ఇంజనీరింగ్ శాఖల్లో కొలువుకు దారి దొరికింది.

అయితే పాలిటెక్నిక్ గడప తొక్కాలంటే ముందు పదో తరగతి గట్టెక్కాలి. వలస వెళ్లే ఈ పాలమూరు ప్రాంతపు కూలీల పిల్లలు తల్లిదండ్రుల వెంట పనిచోట్లకు పోయేవారు, బడి మధ్యలోనే ఆగేది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యతలో నేటి తెలంగాణ జిల్లాలన్నింటికీ అడుగున ఉన్నది గద్వాలే.

ఆ పిల్లలకు ఆసరా అయింది వసతితో కూడిన గురుకులం. తొలి గురుకులం 1971లో నాటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైంది. తర్వాత ప్రధానంగా దళిత పిల్లల కోసం సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. 2012 నుంచి 2021 వరకు వాటికి కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ అలంపూర్‌లో పుట్టినవారే. ఆ కాలంలోనే, 2016లో, ఆడపిల్లలకు గురుకుల డిగ్రీ కళాశాలలు తెరిచారు. రెడ్డి హాస్టల్ మొదలైన దాదాపు వందేళ్లకు దళిత బాలికలకు గురుకుల డిగ్రీ చదువు అందింది.

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. కాలేజీ దగ్గరికొచ్చినా, సీటు ఇప్పించే నీట్ కోచింగ్‌కు మాత్రం ఎక్కువగా డబ్బున్నవాళ్లే పట్నం బస్సెక్కుతున్నారు. ప్రతి కూలీ బిడ్డకూ ఆ కోచింగ్ కూడా ఉచితంగా అందేలా చూడటం ప్రభుత్వ బాధ్యత.