అంగలూరు గోపీచంద్

పామర్రుకు అనతిదూరమున, గుడివాడ ప్రాంతపు మాగాణుల నడుమ నున్న అంగలూరులో, శంబుకవధ రచించి పురాణవిశ్వాసములనే ప్రశ్నించిన కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారికి 1910లో జన్మించిన గోపీచంద్, న్యాయశాస్త్రము చదివియు ఆ వృత్తిలో నిలువక, రాజకీయ చింతకుడు ఎం.ఎన్. రాయ్ భావములచే ఆకృష్టుడై, కథలు వ్రాయుచునే 1939లో ‘రైతుబిడ్డ’ చలనచిత్రమునకు సంభాషణలు కూర్చి, 1950లో ‘లక్ష్మమ్మ’ చిత్రమునకు దర్శకత్వము వహించి, పెక్కు మార్గములు త్రొక్కెను.

ఆ సంచారము వృథా యని నేను తలంపను. ఏ సిద్ధాంతమునందును విశ్రమింపలేని ఆ సంశయచిత్తమే గదా, తన్ను తాను తర్కించుకొనుచు క్షీణించు సీతారామారావును ‘అసమర్థుని జీవయాత్ర’ నవలలో సృజించినది! తండ్రి నేర్పిన ‘ఎందుకు’ అను ప్రశ్నను ఆయన మానవాంతరంగముపైకి మరల్చెను. తెలుగు నవలకు ఇది మహోపకారము.

1962లో ఆయన మరణించగా, మరుసటియేట ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’ నవలకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను.