హంసపాది పుట్టుక

రామకుప్పపు సీమయందలి కొండలు వేసవిలో ఆకు రాల్చి బోడులై నిలుచును. వానలు పట్టిన పిమ్మట బండల నెఱ్ఱెలలో మయూరశిఖయు, వాఁగుగట్ల నీడలలో హంసపాదియు తల యెత్తును. ఇవి ఫెరను జాతి మొక్కలు. వీనికి పూవు లేదు, కాయ లేదు, విత్తు లేదు. వైద్యులు వీని నెఱుఁగుదురు. ఐనను మయూరశిఖ యను పేర వేఱొకచోట కోడిజుట్టుపూల మొక్కను వాడుదురు. పేరొకటియై మందు వేఱైనచో రోగి గతి యేమో!

విత్తు లేనిదానికి సంతతి యెట్లు? ఫెరను విత్తు కంటికి కానరాదనియు, అది దొరకినవాఁడు అదృశ్యుఁడగుననియు ఐరోపావారు నమ్మిరి. మన అంజనముల కథలు వారికిని కలవన్నమాట. 1848లో సుమిన్‌స్కియు, 1851లో హాఫ్‌మైస్టరును ఆ ముడి విప్పిరి. ఆకు క్రింది పొడి తడినేలఁ బడి గోరంత పచ్చరేకగును. దానిపైఁ బుట్టిన పురుషకణము నీటిలో నీఁది స్త్రీకణముఁ జేరును. ఆ పిండమే మనము చూచు మొక్క. ఇరుజాతుల రేకులు ప్రక్కప్రక్కన మొలచినచో కణము దారి తప్పుటకు అడ్డేమున్నది?

సైనికుఁడై వచ్చి మద్రాసు అటవీశాఖ కధిపతియైన బెడ్డోము 1863-64లో దక్షిణదేశపు ఫెరనులను పటములతోఁ బ్రకటించెను. తిరుపతి కొండల పేరిత యొకటి నేఁటికిని ఆయన పేరు మోయుచున్నది. ఆయన చూచినది ఆకారము; వంశము కనఁబడుటకు ఇంకను దాదాపు నూఱేండ్లు పట్టెను.

1950లో ఐరీన్ మాంటన్ అను విదుషీమణి ప్రకటించిన గ్రంథము మాకు ముఖ్యముగాఁ దోఁచుచున్నది. ఐరోపా యడవులలో మగ ఫెరనని ప్రసిద్ధికెక్కిన మొక్క శుద్ధజాతి కాదనియు, సంకరజమనియు ఆమె నిరూపించెను. రెండు జాతులనుండి నలువదియొక్కటేసి క్రోమోసోములు వచ్చి 82 అయ్యెను. అవి ద్విగుణితమై 164 కాఁగా సంతానశక్తి కలిగెను. ఆమె పేరు పెట్టిన మఱియొక సంకరము మాత్రము గొడ్డుది. దాని పొడి ముడుచుకొనిపోయి మొలకెత్తదు.

గీత మొదటి యధ్యాయమున అర్జునుఁడు వర్ణసంకరమునకు వెఱచెను. ఆ వెఱపు నేఁటికిని పెండ్లి సంబంధముల వేళ వినఁబడును. ప్రకృతియే సంకరము నొల్లదని కొందఱు శాస్త్రము పేర వాదింతురు. మొక్కలనుండి మనుష్యులకు న్యాయము తీయుట మాకు సమ్మతము కాదు. కాని ప్రకృతిని సాక్ష్యమునకుఁ బిలిచినవారు అది చెప్పునదెల్ల వినవలదా?

మన హంసపాదిలోను రెండు, మూఁడు, నాలుగు వరుసల క్రోమోసోములు గల తెగలున్నవి. మూఁడు వరుసలదానికి జత కుదరక సంతతి యుండరాదు. అది కలయిక లేకయే పొడినుండి మొలచును. అంతేకాక ఆకుకొన వంగి నేల సోఁకినచోటనే వేరూని క్రొత్త మొక్క యగును.