క్షయమా, రూపాంతరమా? - బిభా చౌధురి కథ

అల్పాయుష్కములైన పరమాణు కణాలు అంతరించడాన్ని మన పాఠ్యపుస్తకాలు ‘క్షయం’ అన్నాయి. తెలుగు పండితుణ్ణి గనుక ఈ మాట నాకు మింగుడుపడదు. క్షయమంటే కృష్ణపక్షపు చంద్రునిలా నానాటికీ తరగడం. మ్యుఆన్ తరగదు. సెకనులో పదిలక్షోవంతును ఒక పాలుగా లెక్కిస్తే దాని సగటు ఆయుష్షు 2.2 పాళ్ళు. చివరి వరకూ దానికి ముదిమి లేదు. ఉన్నట్టుండి ఒక ఎలక్ట్రాన్, రెండు న్యూట్రినోలుగా మారిపోతుంది. రూపాంతరమనడమే సబబు కదా!

మాట సంగతి అటుంచి, ఈ కణాల చరిత్రలో మరుగునపడిన ఒక పేరు చెప్పాలి. కలకత్తాలోని బోస్ ఇన్‌స్టిట్యూట్‌లో దేవేంద్రమోహన్ బోస్ (జగదీశ్ చంద్రబోస్ మేనల్లుడు), ఆయన వద్ద పరిశోధన చేస్తున్న బిభా చౌధురి కలిసి, డార్జిలింగ్‌లోనూ, సుమారు 3,600 మీటర్ల ఎత్తున్న సందక్‌ఫూలోనూ ఫోటో ప్లేట్లను నెలల తరబడి విశ్వకిరణాలకు ఎదురుగా ఉంచారు. కడిగి సూక్ష్మదర్శినిలో చూస్తే చుక్కల బారులు! ఆ జాడ ఎంత వంకరలు పోయిందో కొలిచి, కణం బరువు ఎలక్ట్రానుకు దాదాపు 200 రెట్లని తేల్చారు. ఆ జాతి కణం 1936-37లోనే అమెరికాలో కనబడింది. ప్లేటుమీద దాని బరువు తూచే ఉపాయం మాత్రం వీరిది. 1940-42 నడుమ ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు.

వీరికి దొరికినవి హాఫ్‌టోన్ ప్లేట్లే. మేలైనవి యుద్ధకాలంలో చేతికందలేదు. పని ఆగింది.

1947లో బ్రిస్టల్‌లో పావెల్ బృందం మేలైన ప్లేట్లతో ఇదే పద్ధతి చేపట్టి, పయాన్ అనే మరో కణం ఆగి, అందులోంచి మ్యుఆన్ వెలువడడం చూసింది. 1950లో పావెల్‌కు నోబెల్ వచ్చింది.

ఆ బహుమానం మనవారిదేనని వాదించేవారున్నారు. నేనంత దూరం పోను. ఎలక్ట్రానుకు 273 రెట్ల పయాన్‌నూ, 207 రెట్ల మ్యుఆన్‌నూ వేరుచేసి చూపే సత్తా కలకత్తా ప్లేట్లకు లేదు. దారి వేసినది వీరేనని పావెల్ కూడా 1959 నాటి గ్రంథంలో ఒప్పుకున్నాడు. నా బాధ వేరు. 1949లో టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, 1991లో మరణించే దాకా పరిశోధనను వదలని ఆమెకు మన ప్రధాన విజ్ఞాన అకాడమీలు ఏవీ ఫెలోషిప్ ఇవ్వలేదు.

2019లో ఒక నక్షత్రానికి ‘బిభా’ అని పేరుపెట్టారు. బెంగాలీలో వకారం బకారమవుతుంది. మన ‘విభ’యే అది, కాంతి అని అర్థం. దాని చుట్టూ తిరిగే గ్రహానికి పెట్టిన పేరు ‘సంతమస’. నిఘంటువు చూడండి: అంతటా కమ్మిన చీకటి.