ఫ్లాపీ డిస్కు

ఫ్లాపీ డిస్కు అనగా కంప్యూటరు సమాచారాన్ని అయస్కాంత పద్ధతిలో నమోదు చేసి, ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి చేతితో తీసుకొని వెళ్ళుటకు వాడిన పలుచని ప్లాస్టిక్ బిళ్ళ. 1971లో ఐ.బి.ఎం. సంస్థ దీనిని మొదటిసారి విపణిలోకి తెచ్చినది. 1980, 1990 దశకాలలో వ్యక్తిగత కంప్యూటర్లు వాడేవారికి ఇదే ముఖ్యమైన నిల్వ సాధనం. సి.డి., పెన్ డ్రైవు మరియు అంతర్జాలం వ్యాపించిన తరువాత దీని వాడకం దాదాపుగా అంతరించినది. ఫ్లాపీని ఎన్నడూ చేతపట్టని విద్యార్థులకు కూడా, అనేక సాఫ్ట్‌వేర్లలో "సేవ్" గుర్తుగా దాని బొమ్మ పరిచితమే.

పేరు

ఆంగ్లంలో "ఫ్లాపీ" అనగా మెత్తగా వంగేది అని అర్థం. తొలినాటి 8 అంగుళాల, 5.25 అంగుళాల డిస్కులు తొడుగుతో సహా వంగేవి. తరువాత వచ్చిన 3.5 అంగుళాల డిస్కుకు గట్టి ప్లాస్టిక్ తొడుగు ఉన్నది. అయితే లోపలి బిళ్ళ మెత్తనిదే కనుక పాత పేరే నిలిచినది. కంప్యూటరు లోపల గట్టి బిళ్ళలతో అమర్చిన సాధనానికి హార్డ్ డిస్కు అనే పేరు స్థిరపడినది.

చరిత్ర

ఐ.బి.ఎం. సంస్థ తన సిస్టం/370 కంప్యూటర్లలోకి నియంత్రణ ప్రోగ్రాములను ఎక్కించుటకు చవకైన సాధనం కోసం 1967లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో పరిశోధన ప్రారంభించినది. అలెన్ షుగార్ట్ నాయకత్వంలో పనిచేసిన బృందం 8 అంగుళాల డిస్కును రూపొందించినది. దాని సామర్థ్యం సుమారు 80 కిలోబైట్లు. దానిని చదువుటకే గాని, కంప్యూటరు ద్వారా తిరిగి వ్రాయుటకు వీలు లేదు. వ్రాయుటకు కూడా వీలైన రకం 1973లో వచ్చినది.

ముఖ్యమైన రకాలు

* 8 అంగుళాలు (1971): పెద్ద కంప్యూటర్లలోను, కార్యాలయ యంత్రాలలోను వాడారు.
* 5.25 అంగుళాలు (1976): షుగార్ట్ అసోసియేట్స్ సంస్థ ప్రవేశపెట్టినది. 1981 నాటి ఐ.బి.ఎం. పి.సి.లో 160 కిలోబైట్ల డిస్కులు వాడారు. తరువాత 360 కిలోబైట్ల రకం, 1984లో 1.2 మెగాబైట్ల రకం వచ్చినవి.
* 3.5 అంగుళాలు (1981): సోనీ సంస్థ ప్రవేశపెట్టినది. 1984లో ఆపిల్ మాకింటోష్‌లో 400 కిలోబైట్ల రకం ఉండేది. 1987లో ఐ.బి.ఎం. పి.ఎస్/2 కంప్యూటర్లతో 1.44 మెగాబైట్ల రకం వ్యాప్తిలోకి వచ్చినది. చివరి వరకు నిలిచినది ఇదే.

నిర్మాణం, పనిచేయు విధానం

పాలియెస్టర్ బిళ్ళపై అయస్కాంత పదార్థాన్ని పూతగా పూస్తారు. తొడుగు లోపలి వైపున ఉండే మెత్తని గుడ్డ, బిళ్ళపై చేరిన దుమ్మును తుడుస్తుంది. 3.5 అంగుళాల డిస్కును డ్రైవులో పెట్టగానే దాని లోహపు మూత పక్కకు జరుగుతుంది. బిళ్ళ నిమిషానికి 300 సార్లు తిరుగుతుండగా చదివే శిరస్సులు దాని ఉపరితలాన్ని నేరుగా తాకుతాయి. అందువలన ఎక్కువగా వాడిన ఫ్లాపీలు అరిగిపోయేవి.

డిస్కు మూలనున్న చిన్న బిళ్ళను జరిపి రంధ్రం తెరిస్తే, దానిని చదవవచ్చును గాని దానిపై వ్రాయుటకు వీలుండదు. పొరపాటున సమాచారం చెరిగిపోకుండా ఇది రక్షణ.

1.44 మెగాబైట్ల లెక్క ఈ విధంగా ఉంటుంది. డిస్కుకు 2 పక్కలు, ఒక్కొక్క పక్కన 80 వలయాకార ట్రాకులు, ఒక్కొక్క ట్రాకులో 18 సెక్టార్లు, ఒక్కొక్క సెక్టారులో 512 బైట్లు ఉంటాయి. వీటిని గుణిస్తే 1,474,560 బైట్లు వస్తాయి. ఈ సంఖ్యను ఒకసారి 1,024తో, మరొకసారి 1,000తో భాగించగా వచ్చినదే 1.44. రెండుసార్లూ 1,000తో భాగిస్తే 1.47, రెండుసార్లూ 1,024తో భాగిస్తే 1.41 వస్తుంది. కనుక ఆ ప్రసిద్ధమైన సంఖ్య ఏ పద్ధతిలోనూ సరియైనది కాదు. సెకనుకు 128 కిలోబిట్ల వేగం గల ఎం.పి.3 పాట ఇందులో ఒకటిన్నర నిమిషం మేర మాత్రమే పడుతుంది.

వాడుక

తొలినాటి వ్యక్తిగత కంప్యూటర్లలో చాలా వాటికి హార్డ్ డిస్కు ఉండేది కాదు. మొదటి ఫ్లాపీ డ్రైవుకు "ఎ", రెండవదానికి "బి" అని పేర్లు ఉండేవి. తరువాత వచ్చిన హార్డ్ డిస్కుకు "సి" దక్కినది. ఫ్లాపీలు పోయినా, విండోస్ కంప్యూటర్లలో నేటికీ ప్రధాన డిస్కు పేరు "సి"గానే ఉండుటకు కారణం ఇదే.

పెద్ద సాఫ్ట్‌వేర్లు ఒక ఫ్లాపీలో పట్టేవి కావు. విండోస్ 95 ఫ్లాపీ ప్రతి 13 డిస్కులలో వచ్చినది. వాటిలో ఒక్కటి చెడినా పని మధ్యలో ఆగిపోయేది. తొలినాటి వైరస్‌లు కూడా ఫ్లాపీల ద్వారానే వ్యాపించినవి. 1982లో ఆపిల్ 2 కంప్యూటర్లలో కనిపించిన ఎల్క్ క్లోనర్, 1986లో లాహోరులో పుట్టిన బ్రెయిన్ ఇందుకు ఉదాహరణలు.

భారతదేశంలో మూలంలో పన్ను కోత వివరాలను ఎలక్ట్రానిక్ పద్ధతిలో సమర్పించుటకు 2003లో ప్రవేశపెట్టిన పథకం సి.డి.తో పాటు 1.44 మెగాబైట్ల ఫ్లాపీని కూడా అంగీకరించినది.

వాడకం తగ్గుట

1998లో ఆపిల్ సంస్థ ఫ్లాపీ డ్రైవు లేకుండా ఐమాక్ కంప్యూటరును విడుదల చేసినది. సోనీ సంస్థ జపానులో ఫ్లాపీల అమ్మకాన్ని 2011 మార్చితో ముగించనున్నట్లు 2010లో ప్రకటించినది. అయినప్పటికీ, నమ్మకంగా నడుస్తున్న వ్యవస్థలను మార్చుట ఖర్చుతో కూడిన పని కనుక, ఫ్లాపీలు కొన్ని చోట్ల చాలాకాలం నిలిచినవి. అమెరికా అణ్వస్త్ర దళాల సందేశ వ్యవస్థలో 8 అంగుళాల డిస్కుల వాడకం 2019లో ముగిసినది. జపాను ప్రభుత్వ నిబంధనలలో ఫ్లాపీలను కోరే షరతులు వెయ్యికి పైగా ఉండేవి. అవి దాదాపు అన్నీ రద్దయినవని 2024లో ఆ ప్రభుత్వం ప్రకటించినది.

జ్ఞాపకాలలో ఫ్లాపీ

డ్రైవు చేసే గరగర శబ్దం, అట్టపెట్టెలో వరుసగా ఉండే డిస్కులు, వాటిపై చేతివ్రాతతో అంటించిన చీటీలు ఆ తరం వారికి మధురస్మృతులు. ఆ శబ్దాన్నే సంగీతంగా మలచినవారు కూడా ఉన్నారు. పోలండుకు చెందిన పావెల్ జాద్రోజ్న్యాక్ నిర్మించిన "ఫ్లాపోట్రాన్" వాద్యం 2022 నాటి రూపంలో 512 ఫ్లాపీ డ్రైవులు ఉన్నవి.

సమాచారాన్ని రక్షించుట

ఫ్లాపీని దాచినంత మాత్రాన అందులోని సమాచారం దక్కినట్లు కాదు. కాలక్రమంలో అయస్కాంత గుర్తులు బలహీనపడతాయి. తేమ తగిలితే బిళ్ళకు బూజు పడుతుంది. "ప్రిన్స్ ఆఫ్ పర్షియా" ఆట (1989) మూల ప్రోగ్రాము పోయినదని రచయిత జోర్డాన్ మెక్నర్ భావించగా, 2012లో ఆయన తండ్రికి పాత పెట్టెలో ఆ ఫ్లాపీలు దొరికినవి. నిపుణుల సహాయంతో వాటిని చదివి, ఆ ప్రోగ్రామును అందరికీ అందుబాటులో ఉంచారు. చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1985లో అమిగా కంప్యూటరుపై వేసిన బొమ్మలను కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ కంప్యూటర్ క్లబ్ సభ్యులు ఫ్లాపీల నుండి వెలికితీసిన సంగతి 2014లో వెల్లడైనది.

ఇటువంటి పనికి గ్రీజ్‌వీజిల్, క్రయోఫ్లక్స్ వంటి పరికరాలను వాడతారు. ఇవి ఫైళ్ళను గాక, బిళ్ళపై ఉన్న అయస్కాంత మార్పులనే యథాతథంగా నమోదు చేస్తాయి. పాత డిస్కును చదివే ముందు వ్రాత నిరోధక రంధ్రం తెరచి ఉంచవలెను. బూజు పట్టిన డిస్కును శుభ్రం చేయకుండా డ్రైవులో పెట్టరాదు. పెట్టినచో ఆ డిస్కుతో పాటు డ్రైవు శిరస్సులు కూడా చెడిపోవచ్చును.

తెలుగు ఫైళ్ళ సమస్య

పాత తెలుగు ఫైళ్ళకు మరొక చిక్కు ఉన్నది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం లభించినా, విండోస్‌లో తెలుగుకు ఆధారం 2001 నాటి ఎక్స్‌పీతో వచ్చినది. అంతకు ముందు డి.టి.పి. కేంద్రాలలో పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు కూర్చినప్పుడు తెలుగు అక్షరాల ముక్కలను ఆంగ్ల అక్షరాల స్థానాలలో అమర్చిన ఫాంట్లను వాడేవారు. ఒక్కొక్క సంస్థ ఫాంటులో ఈ అమరిక ఒక్కొక్క విధంగా ఉండేది. అందువలన ఫ్లాపీ చక్కగా తెరుచుకున్నా, ఆ ఫాంటు లేనిచో తెరపై అర్థం లేని ఆంగ్ల అక్షరాలు, గుర్తులు మాత్రమే కనిపిస్తాయి.

కనుక ఒక పాత తెలుగు రచన దక్కవలెనన్న డిస్కు, దానిని చదివే డ్రైవు, ఫైలును తెరిచే సాఫ్ట్‌వేరు, ఫాంటు అనే నాలుగూ కావలెను. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ రచన చదువరికి అందదు. ఫైలును యూనికోడ్‌లోకి మార్చి, అసలు ఫైలు ప్రతిని, ఫాంటు పేరును కూడా భద్రపరచినచో, మార్పిడిలో దొర్లిన తప్పులను తరువాత సరిదిద్దుకొనవచ్చును.

ఇవి కూడా చూడండి

* హార్డ్ డిస్కు
* కాంపాక్ట్ డిస్కు
* పెన్ డ్రైవు
* యూనికోడ్

వర్గం: కంప్యూటరు నిల్వ సాధనాలు